దొంగ మెచ్చిన వీధి

పిల్లి మర్యాదస్తుడై చాలా ఏళ్లయింది. మనసు మారి కాదు. మోకాళ్లు అరిగి.

అంతకుముందు ఆయన పని పగటి దొంగతనం. రాత్రిపూట పని చేసేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. చీకట్లో ఎవడైనా దూరతాడు, జనం అన్నం తిని కునుకు తీసే వేళ దూరి, వాళ్ల కునుకు చెడకుండా బయటపడాలి, అదీ పనితనం అనేవాడు. గోడ మీద నడిస్తే సున్నం పొడి కూడా రాలేది కాదట. అందుకే పిల్లి అన్నారు. ఆ పేరు పోలీసులు పెట్టారని ఆయన చెప్పేవాడు. ఆయనే పెట్టుకున్నాడని చుట్టాలు చెప్పేవాళ్లు. చుట్టాల మాటే నిజం.

ఆ చుట్టాలు ఆయన్ని దేనికీ పిలిచేవాళ్లు కాదు. పిలిస్తే వస్తాడని భయం. వచ్చి వెళ్లాక వెండి గ్లాసులు చూసుకోవాలని ఇంకో భయం. అన్న కొడుకు పెళ్లికి మాత్రం తప్పనిసరై పిలిచారు. ఆ పెళ్లిలో ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడల్లా ఎవరో ఒకరు వెంట లేచారు. అది మర్యాద అనుకుని ఆయన చాలాకాలం సంతోషపడ్డాడు.

అలాంటి మనిషిని అదే అన్న కొడుకు ఒకరోజు ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, ఫ్యాను తిప్పాడు. పిల్లికి అనుమానం వచ్చింది.

అన్న కొడుకు బీమా ఏజెంటు. పొద్దున లేస్తే ఎవరి కాలు విరిగింది, ఎవరి కొట్టు తగలబడింది అన్నదే ఆయన బతుకు. మెట్లు కనబడితే పడిపోవడం గుర్తొస్తుంది. చెరువు కనబడితే మునిగిపోవడం గుర్తొస్తుంది. ఆయన ఒక్కగానొక్క కూతురికి నగరంలో యూనివర్సిటీలో సీటొచ్చింది. హాస్టలు నిండిపోయింది. బయట గది చూసుకోవాలి. కూతురు ఫోన్లో గదులు చూసిపెట్టుకుంది. తండ్రి ఫోన్లో నేరాలు చూసిపెట్టుకున్నాడు.

"బాబాయ్, నీకు కొంచెం... అదే... అనుభవం ఉంది కదా," అన్నాడు.

"దేంట్లోరా?"

"అదే. ఇళ్ల విషయంలో."

"ఇళ్ల విషయంలో మేస్త్రికి కూడా ఉంటుంది."

"మేస్త్రి అనుభవం కాదు బాబాయ్."

"మరి?"

అన్న కొడుకు వీధి తలుపు వంక చూసి, గొంతు తగ్గించి, "దొంగతనంలో," అన్నాడు.

"ఆ. అలా అడుగు," అని పిల్లి కాళ్లు చాపుకున్నాడు. "అడగడానికి సిగ్గుపడితే పనులు కావు."

లోపల్నుంచి కోడలు వచ్చింది. ఈ ఆలోచన ఆవిడదే. "ఏ వీధి మంచిదో ఏది చెడ్డదో మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది చిన్నమామయ్యా? పిల్లతో వెళ్లి ఒక్కసారి చూసి రండి. సాయంత్రం ఈయన ఫోన్ చేస్తారు. మీరు బాగుందంటే తీసుకుంటాం. లేదంటే ఉండనే ఉంది, వాళ్ల మేనత్త ఇల్లు."

మేనత్త మాట వినగానే తలుపు చాటున ఉన్న పిల్ల మొహం వాడిపోయింది. అది పిల్లి చూశాడు. మొహాలు చూడటం కూడా ఆ పనిలో భాగమే.

మర్నాడు పొద్దున బస్సులో పిల్ల మొత్తం చెప్పింది. మేనత్తది నగరానికి అటు చివర. ఆవిడ ఫ్రిజ్జుకు కూడా తాళం వేస్తుంది. వచ్చినవాళ్ల సంచీ సర్దిపెడతానంటూ మొత్తం వెతుకుతుంది. బాత్రూంలోకి వెళ్లి కాసేపైతే తలుపు కొట్టి ఏం చేస్తున్నావంటుంది. మనవలిద్దరికీ అన్నం పెట్టి నిద్రపుచ్చడానికి మనిషి దొరికిందని అప్పుడే మెట్ల కింద మంచం కూడా వేయించింది.

"అక్కడుంటే నేను చదవలేను చిన్నతాతయ్యా. మొదటి ఏడాదే ఇంటికొచ్చేస్తాను. నువ్వు ఏదో ఒక గది బాగుందని చెప్పెయ్యి, నీకు పుణ్యముంటుంది."

"అబద్ధం చెప్పమంటావా?"

"నువ్వు దొంగవే కదా!"

"దొంగనే. అబద్ధాలకోరును కాను," అన్నాడు పిల్లి, కిటికీలోంచి బయటికి చూస్తూ. "పని గురించి అడిగితే ఉన్నదే చెప్తాను. అదొక్కటే మిగిలింది నాకు."

ఆ మోకాళ్లతోబాటు ఈ పట్టుదల కూడా అరిగిపోయి ఉంటే బాగుండేదనుకుంది పిల్ల.

మొదటిది యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న పెద్ద అపార్టుమెంటు. నున్నటి నేల, లిఫ్టు, ఎక్కడ చూసినా కెమెరాలు. గేటు దగ్గర భుజాల మీద పట్టీలున్న కాపలావాడు. బ్రోకరు అక్కడే ఎదురుచూస్తున్నాడు. మాట్లాడటం మొదలుపెడితే ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో తెలియని రకం.

"చీమ కూడా దూరదమ్మా ఇక్కడ," అన్నాడు పిల్లను మూడో అంతస్తు గదిలోకి తీసుకెళ్లి. "పేరు రాయకుండా, ఫోటో తీయకుండా ఎవర్నీ లోపలికి పంపరు. మీ తాతగారు ఏరీ?"

తాతగారు లేరు. గేటు దగ్గరే ఎక్కడో మాయమయ్యాడు.

"పక్క గదిలో ఎవరుంటారండీ?" అని అడిగింది పిల్ల.

"ఎవరో ఉంటారమ్మా. ఇక్కడ ఎవరి గొడవ వాళ్లది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు. అంత ప్రశాంతం."

అప్పుడే బెల్లు మోగింది. బ్రోకరు తలుపు తీశాడు. ఎదురుగా పిల్లి, భుజం మీద నీళ్ల డబ్బాతో. పక్కనే కాపలావాడు.

"పెద్దాయన మొయ్యలేకపోతుంటే నేనే లిఫ్టులో తీసుకొచ్చానండి," అన్నాడు కాపలావాడు పుణ్యం చేసుకున్నవాడిలా.

పిల్లి డబ్బా దించి, ఒక్క వేలితో తలకిందులు చేశాడు. చుక్క నీళ్లు లేవు.

"ఖాళీది," అన్నాడు. "పక్క కొట్టు ముందు పడుంటే తెచ్చాను. నా పేరు అడగలేదు, ఫోటో తియ్యలేదు. డబ్బా మోసేవాడికి మొహం ఉండదు కదా."

బ్రోకరు మొదటిసారి ఊపిరి తీసుకున్నాడు.

అక్కణ్నుంచి బయటికొచ్చాక పిల్లికి హుషారు పుట్టింది. మోకాళ్లు కూడా కొంచెం వంగాయి. రెండో గది చూడటానికి తిరిగిన సందు కనబడగానే ఆయన ఆగి, చేతులు నడుము మీద పెట్టుకుని, పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాడు.

సన్నటి సందు. రెండు వైపులా ఎత్తయిన వెనక గోడలు. ఒక్క కిటికీ లేదు, ఒక్క అరుగు లేదు. చివర మూసేసి ఉంది. ఆ చివరి ఇంటి మేడ మీదే గది. శబ్దమంటూ లేదు.

"ఇదీ వీధంటే!" అన్నాడు. "ఇక్కడ ఎవడూ పని చెయ్యడు. ఎక్కడానికి పట్టు లేదు, దాక్కోవడానికి మూల లేదు. దూరే దారే బయటికొచ్చే దారి. దొంగ లోపలికొచ్చాక ఇటునుంచి ఒక్కడు అడ్డం నిలబడితే చాలు, వాడి పని అయిపోయినట్టే. పారిపోలేడు. మీ నాన్నకు ఫోన్ చెయ్యి, ఇప్పుడే చెప్పేస్తాను."

పిల్ల ఫోన్ తియ్యలేదు. సందు మొదట్లోనే నిలబడింది.

"ఏం? నడువు."

"ఇటునుంచి ఒక్కడు అడ్డం నిలబడితే నేను పారిపోగలనా చిన్నతాతయ్యా?"

"నువ్వెందుకు పారిపోవాలి? నువ్వేమన్నా దొంగతనం చేశావా?"

పిల్ల ఆయన వంక చూసింది. అప్పుడే సందు లోపల్నుంచి ఒకడు వస్తున్నాడు. ఏమీ చెయ్యలేదు పాపం, ఈల వేసుకుంటూ తన దారిన తను వస్తున్నాడు. సందు ఇరుకు కాబట్టి పిల్ల గోడకు ఒత్తుకుంది. వాడు దాటి వెళ్లేదాకా ఆమె రెండు చేతులూ బ్యాగు పట్టీ మీద బిగుసుకుని ఉన్నాయి. వేళ్లు తెల్లబడ్డాయి.

పిల్లి ఆ వేళ్లు చూశాడు. జన్మంతా తలుపులు చూశాడు, గడియలు చూశాడు, ఏ కిటికీ రెక్క వదులో ఆమడ దూరం నుంచి చూశాడు. వీధిలో నడిచే ఆడపిల్ల వేళ్లు ఎలా ఉంటాయో ఎప్పుడూ చూడలేదు. వాటితో ఆయనకు పనిపడలేదు.

"నా సామాను పోతే ఇంకోటి కొనుక్కుంటాను," అంది పిల్ల. "నువ్వు అదొక్కటే చూస్తున్నావు. నాకు కావలసింది, నేను కేకేస్తే కిటికీ తెరిచేవాళ్లు."

"కిటికీలు తెరిచే వీధులా?" పిల్లి మొహం చిట్లించాడు. "అవి దరిద్రపు వీధులు. ఎవరూ పడుకోరు. ఎక్కడ చూసినా కళ్లే. అక్కడ మావాళ్లెవరూ..."

సగంలో ఆగిపోయాడు.

"ఆ," అంది పిల్ల. "అలాంటిదే."

పిల్లి కాసేపు గోడ గీరుతూ నిలబడ్డాడు. ఆయనకు అలాంటిది ఒకటి తెలుసు. యూనివర్సిటీ వెనకే. జన్మలో ఒక్కసారి దొరికిపోయింది అక్కడే. ఇంట్లో మాత్రం ఆ సంగతి వేరేగా చెప్పాడు. తోటివాడు ద్రోహం చేశాడనీ, చుట్టూ రెండు జీపులు వచ్చాయనీ, పైనుంచి కిందికి దూకితే తుపాకీ చూపించారనీ. పిల్ల చిన్నప్పుడు ఆ కథ చెబితేనే అన్నం తినేది.

"ఒకటుంది," అన్నాడు చివరికి. "నాకు పడదు. చూపిస్తాను కానీ అక్కడ నన్ను తాతయ్యా అనకు. ఎవరో ముసలాయన దారి చూపించాడని చెప్పు."

ఆ వీధి చూడటానికి ఏమీ బాగుండదు. ఇటునుంచి అటు బట్టల తీగలు. మలుపు దగ్గర ఇస్త్రీ బండి. పంక్చర్లు వేసే కొట్టు, దాని ముందు ఎప్పుడూ బోర్లా పడుండే ఒక సైకిలు. మెట్ల మీద ఆడవాళ్లు. కూరగాయలు తరుగుతున్నవాళ్లు తరుగుతున్నారు, జుట్టు చిక్కు తీసుకుంటున్నవాళ్లు తీసుకుంటున్నారు, కళ్లు మాత్రం అందరివీ వీధిలోనే ఉన్నాయి. ఎవరి రేడియో ఎవరి ఇంట్లో మోగుతోందో తెలియని గోల.

మధ్యలో ఒక డాబా ఇల్లు. గేటుకు అట్టముక్క కట్టి ఉంది: మేడ మీద గది అద్దెకివ్వబడును, చదువుకునే ఆడపిల్లలకు మాత్రమే.

పిల్లి ఆ ఇల్లు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పక్కింట్లో అడుగుదాం."

"పక్కింటికి బోర్డు లేదు కదా."

"అయితే వచ్చే వారం వద్దాం."

"సాయంత్రం నాన్న ఫోన్ చేస్తాడు!" అంది పిల్ల. "ఒక పని చెయ్యి. నువ్వు దొంగలా వెళ్లి ఆ గేటు మీద చెయ్యి వెయ్యి. నేను ఇక్కణ్నుంచి చూస్తాను, ఎవరన్నా అడుగుతారేమో."

వద్దనడానికి కారణం చెప్పాలి. చెబితే జీపుల కథ పోతుంది. పిల్లి గేటు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి గడియను తాకలేదు, ఇంకా గాల్లోనే ఉంది.

"ఎవరు కావాలి?" అన్నాడు ఇస్త్రీ బండివాడు.

"ఎవరది?" అంది ఎదురు మెట్ల మీది ఆవిడ.

"ఏమండీ, మిమ్మల్నే!" అంది పై బాల్కనీ.

వీధి కుక్క కూడా లేచి ఒళ్లు దులుపుకుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"గది... అద్దెకి..." అన్నాడు పిల్లి.

"బోర్డు సరిగ్గా చదివావా? ఆడపిల్లలకి అని ఉంది. నువ్వు ఆడపిల్లవా?"

"పిల్లకే. అదిగో, ఆ పిల్ల."

ఇంక పిల్ల మీద పడ్డారు. ఏం చదువుతావు? ఎందుకు అది, వేరేది దొరకలేదా? నాన్నేం చేస్తాడు? బీమానా, అయ్యో. అన్నం వండుకోవడం వచ్చా? ఈయన నీకేమవుతాడు? ఒక కాఫీ చల్లారేంతలో ఆమె మార్కులు, ఊరు, మేనత్త ఫ్రిజ్జు తాళం, అన్నీ వీధికి తెలిసిపోయాయి.

"మా అత్తకన్నా ఎక్కువ అడుగుతున్నారు," అని గొణిగింది పిల్ల.

"మరి వెళ్లిపోదామా?" అన్నాడు పిల్లి ఆశగా.

పిల్ల ఆలోచించింది. "వద్దు. వీళ్లు అడుగుతారు కానీ తాళం వెయ్యరు."

ఆ మాటకు పిల్లి ఆమె చేతులు చూశాడు. బ్యాగు ఎప్పుడు దించిందో, మెట్టు మీద పడుంది. చేతులు ఖాళీగా ఊగుతున్నాయి.

అప్పుడు ఆ ఇంటావిడ బయటికొచ్చింది. చిన్న మనిషి. పిల్లి భుజానికి కూడా రాదు. పిల్లను పైనుంచి కింద వరకూ చూసి, బాగానే ఉందన్నట్టు తలూపి, పిల్లి వైపు తిరిగింది. పిల్లి కుక్క వైపు తిరిగాడు.

"అటు కాదు. ఇటు తిరుగు."

తిరిగాడు.

"ఇంకొంచెం. పక్కకి."

పిల్లి ఎడమ చెవి మామూలు చెవి కాదు. తలకు అంటుకోకుండా, ఎవరో ఇందాకే లాగి వదిలినట్టు బయటికి నిలబడి ఉంటుంది. ఆవిడ దాన్ని చూసింది. దగ్గరికొచ్చి చూసింది. రెండు వేళ్లతో పట్టుకుని కూడా చూసింది.

"ఈ చెవి నాకు తెలుసు," అంది.

ఇస్త్రీ బండివాడు పెట్టె పక్కన పెట్టాడు.

"దొంగ!" అంది ఆవిడ. "ఒసేవ్, మన దొంగ వచ్చాడే!"

పిల్లి కళ్లు మూసుకున్నాడు. దెబ్బలు పడతాయనుకున్నాడు. కుర్చీ వచ్చింది. వెనకనే టీ వచ్చింది. వీధి వీధంతా గేటు ముందు చేరింది. ఆ వీధి పట్టుకున్న దొంగ ఆయనొక్కడే. ఆ తర్వాత ఇంకొకడు రాలేదు. అందుకని ఆయనంటే వాళ్లకు అదో రకం ఆపేక్ష.

"కాళ్లు పట్టుకుంది నేనే, గుర్తుందా?" అన్నాడు ఇస్త్రీ బండివాడు మురిసిపోతూ.

"గుర్తుంది. అప్పుడు సన్నగా ఉండేవాడివి."

"నువ్వు కూడాలే."

"ఏం పనిమీద వచ్చావంటే ప్లంబర్ని అన్నాడు," అని మెట్ల మీది ఆవిడ కొత్తవాళ్లకు చెబుతోంది. "ఈ వీధికి ప్లంబరు పిలిస్తేనే రాడు. పిలవకుండా వచ్చాడంటే అప్పుడే అనుమానం వచ్చింది మాకు."

"జీపు వచ్చేదాకా నేను ఈ చెవి వదల్లేదు," అంది ఇంటావిడ.

పిల్ల వంగి ఆయన చెవి దగ్గర, "రెండు జీపులన్నావు?" అంది.

"ఒకటే. అదీ తర్వాతెప్పుడో వచ్చింది."

"తుపాకీ?"

"టీ తాగు," అన్నాడు పిల్లి.

"ఈయన నీకేమవుతాడు పిల్లా?" అని ఇంటావిడ మళ్లీ అడిగింది.

"ఏమీ కాను," అన్నాడు పిల్లి గబుక్కున. "దారిలో కనబడ్డాను."

పిల్ల ఆయన వంక చూసింది. ఏమీ కాదంటే గది వచ్చినట్టే. "మా చిన్నతాతయ్య," అంది. "నాన్నకు బాబాయి."

ఇంటావిడ ఆ చెవి వంక ఇంకోసారి చూసింది. తర్వాత లోపలికి రమ్మంది.

లోపల వసారాలో ఇంటాయన పేపరు చాటున కూర్చుని ఉన్నాడు. పోస్టాఫీసులో చేసి రిటైరైనవాడు. ఆ ఇంట్లో ఆయన మాట చెల్లి చాలా కాలమైందని ఆ పేపరు పట్టుకున్న తీరే చెబుతోంది.

"గది సంగతి తర్వాత," అంది ఇంటావిడ. "ముందు ఒకటి చెప్పు. ఆ రోజు మేం ఆస్పత్రి నుంచి వస్తూ వీధిలో నిన్ను పట్టుకుని, లోపలికెళ్లి చూస్తే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఈయనేమో గడియ వేశానంటాడు. నేనేమో వెయ్యలేదంటాను. అప్పట్నుంచి ఈ ఇంట్లో ఇదే గొడవ. పాలు విరిగినా అదే, పిల్లలకు జ్వరమొచ్చినా అదే. నిన్ను అడుగుదామంటే పోలీసులు తీసుకుపోయారు. నువ్వు ఏ దారిన వచ్చావు?"

పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. దాని వెనక రెండు కళ్లు.

పిల్ల ఆయన చొక్కా లాగింది. "తలుపు అను," అంది పెదవులు కదలకుండా. "తలుపు తీసే ఉందని చెప్పెయ్యి. గది ఇచ్చేది ఆవిడే."

పిల్లికి అర్థమైంది. ఒక్క మాట. తెరిచిన తలుపు. అంటే చాలు. కానీ ఆ రోజు చేసిన పని ఆయన జన్మలో ఇంకోటి చెయ్యలేదు. బాత్రూం వెంటిలేటరు. అద్దం పలకలు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా తీసి, ఊపిరంతా వదిలేసి, ఒక భుజం, తర్వాత తల, తర్వాత రెండో భుజం. లోపల బకెట్టు మీద కాలు పెడితే బకెట్టు కదల్లేదు. దొరికిపోవడం వల్ల ఆ పని గురించి ఎవరికీ చెప్పుకోలేదు. ఇన్నేళ్లకు అడిగేవాళ్లు దొరికారు. తెరిచిన తలుపు! కుక్క కూడా వస్తుంది తెరిచిన తలుపులోంచి.

"వెంటిలేటరు," అన్నాడు.

పిల్ల తల పట్టుకుంది.

"తలుపు గడియ వేసే ఉంది. వెళ్లేటప్పుడు నేనే తీశాను. రావడం బాత్రూం వెంటిలేటర్లోంచి."

ఇంటాయన లేచి నిలబడ్డాడు. పేపరు కింద పడింది. "విన్నావా?" అన్నాడు. ఆ గొంతు చాలాకాలం వాడక పీలగా వచ్చింది. "విన్నావా?"

"విన్నాను. అబద్ధం," అంది ఆవిడ. "రండి, చూపిస్తాను."

వీధంతా వెంటబడి వెనక వాకిట్లోకి వచ్చింది. వెనక తలుపుకు ఇప్పుడు మూడు గడియలున్నాయి. వెంటిలేటరుకు మాత్రం ఒక్క ఊచ లేదు. పెట్టిద్దామని ఇంటాయన ఎన్నిసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోలేదట. పెడితే దొంగ అటునుంచే వచ్చాడని ఒప్పుకున్నట్టు.

"ఇందులోంచా?" అంది ఆవిడ. "ఇందులోంచి పిల్లి కూడా దూరదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్లి చొక్కా విప్పాడు.

"చిన్నతాతయ్యా, వద్దు!"

"స్టూలు తెమ్మను."

ఇస్త్రీ బండివాడు స్టూలు తెచ్చి, పాత అలవాటు కొద్దీ కాళ్లు పట్టుకున్నాడు. పిల్లి పలకలు తీసిన తీరు చూసి ఆడవాళ్లు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. ఒక భుజం వెళ్లింది. తల వెళ్లింది. రెండో భుజం కూడా వెళ్లింది. ఇంటాయన చప్పట్లు కొట్టాడు. అక్కడితో పొట్ట వచ్చింది. మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాక వచ్చిన పొట్ట అది. ఆ సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఊపిరి వదిలాడు. ఇంకా వదిలాడు. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. కాళ్లు వీధివాళ్ల చేతుల్లో, తల బాత్రూంలో.

పిల్ల ఫోన్ మోగింది. నాన్న.

పిల్ల పరుగెత్తుకుంటూ బాత్రూంలోకి వెళ్లింది. ఇంటావిడ అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పిల్ల బకెట్టు బోర్లించి ఎక్కి, ఫోన్ ఆయన ఎడమ చెవికి ఆనించింది. కళ్లతో బతిమాలింది.

"బాబాయ్, చూశావా? ఎలా ఉంది?"

"చూశాను," అన్నాడు పిల్లి. మాట సన్నగా వచ్చింది. "ఇంకా చూస్తూనే ఉన్నాను."

"గొంతేంటి అలా ఉంది?"

"కిటికీలు పరీక్ష చేస్తున్నానురా. దగ్గర్నుంచి."

"దొంగల భయం ఉందా? ఉన్నదున్నట్టు చెప్పు."

పిల్లి ఒకసారి కదలడానికి ప్రయత్నించాడు. "ఒకడున్నాడు," అన్నాడు. "వాడు ఎటూ పోలేడు."

"అంటే?"

"అంటే ఇక్కడ గేటు మీద చెయ్యి పడకముందే అడుగుతారు. పట్టుకుంటే వదలరు. ఇప్పుడు కూడా..." కాళ్లు ఎవరో గట్టిగా లాగారు. "ఇప్పుడు కూడా వదలట్లేదు. పిల్ల కేకేస్తే వీధంతా వస్తుంది. కేకెయ్యకపోయినా వస్తుంది."

"సరే, ఒక్క మాట చెప్పు బాబాయ్. నువ్వైతే ఆ ఇంట్లో... అదే... పని చేస్తావా?"

పిల్లి బాత్రూం నాలుగు గోడలూ చూశాడు. ఎదురుగా ఆ చిన్న ముసలావిడను చూశాడు. ఉన్నదే చెప్పాడు.

"చచ్చినా చెయ్యను."

అవతల బీమా ఏజెంటు చాలా రోజుల తర్వాత సుఖంగా నిట్టూర్చాడు. "అయితే గది ఖాయం చేసుకోండి. దాని మేనత్తకు నేను చెప్తాలే," అని పెట్టేశాడు.

పిల్ల ఫోన్ దించి ఇంటావిడ వైపు తిరిగింది. నాన్న ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఈవిడ ఒప్పుకోవాలి. ఈవిడకు ఎదురు సాక్ష్యం చెప్పినవాడేమో నెత్తి మీద వేలాడుతున్నాడు.

ఇంటావిడ పిల్లి మొహం వంక చూసింది. వెంటిలేటరు వంక చూసింది. మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది.

"పట్టలేదు," అంది. తర్వాత వీధికంతా వినబడేలా, "పట్టలేదు! అందరూ చూశారుగా? ఇందులోంచి మనిషి పట్టడు. అంటే తలుపే! నేను అప్పుడే చెప్పాను, తలుపే!"

"అప్పుడు నేను సన్నగా..." అన్నాడు పిల్లి.

"నోర్ముయ్," అంది ఆవిడ ప్రేమగా. ఆవిడ అంత ఆనందంగా ఉండటం వీధి ఈ మధ్య చూడలేదు. "పిల్లా, పుస్తకాలు ఎప్పుడు తెచ్చుకుంటావు?"

"ముందు చిన్నతాతయ్యను తీయించండి బామ్మగారూ," అంది పిల్ల. "తర్వాత దీనికి ఊచలు పెట్టించండి."

"ఊచలెందుకు? మనిషి పట్టడని ఇప్పుడే తేలింది కదా."

"నేను సన్నగా ఉంటాను బామ్మగారూ. నాలాంటి దొంగ రావచ్చు."

ఇంటావిడ ఆలోచించింది. "సరే. నీ కోసం పెట్టిస్తాను. ఈయన వాదన కోసం కాదు."

సబ్బు నీళ్లు పోసి, ఇస్త్రీ బండివాడు, పంక్చర్ల కొట్టువాడు కలిసి లాగితే పిల్లి చివరికి బయటపడ్డాడు. చెవి ఇంకొంచెం బయటికి వచ్చింది. పిల్ల మేడ మీద గది చూడటానికి మెట్లెక్కింది. ఆడవాళ్లంతా వెంట ఎక్కారు. కిటికీ ఎటుందో, ఆ కిటికీలోంచి ఎవరెవరి ఇళ్లు కనబడతాయో ఒకేసారి చెబుతున్నారు.

వెనక వాకిట్లో పిల్లి ఒక్కడే మిగిలాడు, ఒళ్లంతా సబ్బుతో. ఇంటాయన తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

"గడియ నేను వేశాను," అన్నాడు చాలా మెల్లగా.

"వేశారు," అన్నాడు పిల్లి. "గట్టిగానే వేశారు. తియ్యడానికి నేను అవస్థ పడ్డాను."

ఇంటాయన తలూపాడు. ఆ మాట ఇంకోసారి మనసులో అనుకున్నట్టుంది. తర్వాత పిల్లి పొట్ట వంక చూసి నిట్టూర్చాడు.

"కొంచెం ముందు రావాల్సిందయ్యా," అన్నాడు.